ఏరు కోస్తున్న మెరక

ఏటి ఒడ్డున ఒక పేట ఉండేది. దానికి ఎగువన, మెరక మీద, ఒక విశ్వవిద్యాలయం. రెంటికీ మధ్య గోడ, దానికి ఇనుప గేటు.

ఏరు పేటను కోసుకుపోతోంది. మొదట పశువుల పాకలు పోయాయి. తర్వాత శ్మశానం పోయింది. తమ పెద్దల ఎముకలు నీళ్ళలోకి జారిపోవడం చూసినవాళ్ళు ఆ తర్వాత గట్టిగా మాట్లాడడం మానేశారు. నేల ఎక్కడ అదురుతుందోనని పిల్లల్ని పరుగెత్తనిచ్చేవారు కాదు.

పేట మహిళా సంఘానికి నూకాలమ్మ పెద్ద. ఆమె మెరక ఎక్కి సాయం అడిగింది. కుముదిని అనే ప్రొఫెసరు విద్యార్థులతో దిగివచ్చింది. అందరూ కలిసి ఒడ్డు పొడవునా వెదురు కర్రలు పాతారు. విద్యార్థులు నేల కదలికను కొలిచేవారు. సంఘం ఆడవాళ్ళు వంతులేసుకుని కాపలా కాసేవారు.

ఒకరోజు పొద్దున కర్రలన్నీ ఏటివైపు వంగి కనిపించాయి.

"ఎంత టైముందమ్మా?" అంది నూకాలమ్మ.

"ఇవాళే కావచ్చు."

కుముదిని గొంతు వణికింది. అది విన్నాక నూకాలమ్మకు భయం రెట్టింపయింది. చదువుకున్నవాళ్ళకు భయం ఉండదని ఆమె అనుకునేది.

కుముదిని కులపతి దగ్గరికి పరుగెత్తింది. "వాళ్ళని లోపలికి రానివ్వండి సార్."

"సాయం చెయ్యమన్నాను గానీ ఇంట్లో పెట్టుకోమనలేదు. ఒకసారి తెరిస్తే మళ్ళీ మూయగలమా అమ్మా?"

ఆయన చెడ్డవాడు కాడు. ఆయన భయం ఆయనది.

మధ్యాహ్నం నేల మూలిగింది. ముందువరస ఇళ్ళు చప్పుడు లేకుండా కుంగిపోయాయి. పేటంతా వచ్చి గేటు మీద పడింది. ముందున్నవాళ్ళు చువ్వలకు నలిగిపోతున్నారు. నూకాలమ్మ చంకలోని మనవరాలికి ఊపిరాడడం లేదు. తాళంచెవి కులపతి దగ్గరే ఉంది, ఆయన గది తలుపు తీయడం లేదు. అవతలినుంచి విద్యార్థులు గునపాలతో గేటు బందులు పెకలిస్తున్నారు.

"మీ బరువుకి బందులు రావడం లేదు. అందర్నీ వెనక్కి జరగమనండి," అంది కుముదిని.

వెనక ఏరుంది.

"జరిగితే తీస్తారా?"

"తీస్తామమ్మా."

నూకాలమ్మ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, వెనక్కి తిరిగింది. "జరగండి. నేనూ జరుగుతున్నా."

కదులుతున్న నేల మీద జనం, ఏటివైపు, ఒక్కొక్క అడుగే వెనక్కి వేశారు. కొందరు కళ్ళు మూసుకున్నారు. గేటు ఊడి పక్కకు పడింది.

సాయంత్రానికి పేట లేదు. మనుషులు మాత్రం తరగతి గదుల్లో ఉన్నారు.

మర్నాడు కులపతి గేటు తిరిగి పెట్టమని పేట కమ్మరికి చెప్పాడు. "గడియ గట్టిది వెయ్యి. ఎవరూ రాకుండా."

"ఎవరు రాకుండా అండీ?"

కులపతి అవతలికి చూశాడు. అక్కడ రావడానికి మనుషులెవరూ మిగల్లేదు. మెరక అంచు కింద ఎర్రటి నీళ్ళు సుడి తిరుగుతున్నాయి.

నేల సన్నగా మూలిగింది. కులపతి తనకు తెలియకుండానే పక్కనున్న నూకాలమ్మ భుజం పట్టుకున్నాడు.