నక్క తెచ్చిన టీవీ పెట్టె

కొండ దిగువన ఒక రైతు కొత్త టీవీ కొనుక్కుని, పాతదాన్ని గొడ్లపాకలో పడేశాడు. పడేసింది రైతే అయినా దాన్ని ఏలింది చుక్కమ్మ. నుదుట తెల్లచుక్క ఉన్న ముసలి గేదె ఆమె. ఆ దొడ్డిలో గడ్డి ముందు ఎవరు ముట్టాలో, తొట్టి దగ్గర ఎవరు ఏ వైపు నిలబడాలో ఆమె చెప్పిందే చట్టం. నీళ్లలో ఒక ఈక తేలితే చాలు, అది ఎవరిదో తేలేదాకా ఆ పూట ఎవరికీ నీళ్లు లేవు.

చుక్కమ్మకు అంకెలు తెలుసు. అక్షరాలు రావు. రావని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోదు. ఒకనాడు ఆమె రిమోటును తలకిందులుగా పెట్టుకుని ముట్టెతో నొక్కుతుంటే కోడిపుంజు తురాయి కిసుక్కున నవ్వాడు. "అటు కాదు పెద్దమ్మా, ఇటు తిప్పాలి" అన్నాడు, అందరి ముందూ. వాడికి రైతు పిల్లల పుస్తకాల మీద గింజలు ఏరుకుంటూ ఏరుకుంటూ నాలుగు అక్షరాలు వచ్చాయి. ఆ రోజునుంచి చుక్కమ్మ వాడితో మాట్లాడితే ఒట్టు. వాడు పక్కనే నిలబడి ఉన్నా, చెప్పాల్సింది ఓబన్న ఎద్దుతో చెప్పేది. ఓబన్న ఓపికగా అటు తిరిగి అదే మాట మళ్లీ చెప్పేవాడు.

ఇలా ఉండగా కోతులు కేబులు వైరు తెంపేశాయి. ఇంట్లో కొత్త టీవీకి ఆ వైరుతో పని లేదు కాబట్టి రైతు పట్టించుకోలేదు. చుక్కమ్మకు సాయంత్రం హరికథ వినందే నెమరు దిగదు. టీవీ నల్లగా నిలబడింది. ఆమె ముఖం అంతకన్నా నల్లబడింది.

"ఇప్పుడు హరికథలన్నీ నెట్టులోనే వస్తున్నాయి" అన్నాడు తురాయి. "టీవీ వెనక కన్నంలో పెట్టే చిన్న పెట్టె ఒకటి దొరుకుతుంది. రైతు ఇంటి వైఫై గోడ దాటి ఇక్కడిదాకా వస్తూనే ఉంది. మీటలతో నడిచే పెట్టె తెచ్చుకుందాం. తెర మీద పేర్లు వస్తాయి, కావలసింది చూసుకుని నొక్కడమే."

"ఓబన్నా, ఆ పేర్లు ఎవరు చదువుతారో అడుగు."

"తురాయీ, ఆ పేర్లు..."

"విన్నాను మావా. నేను చదివిపెడతానని చెప్పు."

చుక్కమ్మ తోకతో దబీమని గోడను కొట్టింది. "నా హరికథ నేను వినడానికి ఒకడి నోటి కోసం కాచుకుని కూచునే గతి నాకింకా పట్టలేదని చెప్పు ఓబన్నా."

ఓబన్న చెప్పాడు.

ఈ గొడవంతా గోడవతల విన్నవాడొకడున్నాడు. మర్నాడు నక్క జంబయ్య దొడ్డి గుమ్మం ముందుకొచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాడు. కుక్క సింగడు గుర్రుమంటూ లేచాడు.

"అత్తా, నేను దొంగతనానికి రాలేదు. నీలాంటి పెద్దమనిషికి తగిన వస్తువు తెచ్చాను. చూడు, వద్దంటే వెళ్లిపోతా."

పెద్దమనిషి అన్న మాట చుక్కమ్మకు చల్లగా తగిలింది. "సింగా, కూచో" అంది.

నక్క మూటలోంచి నున్నటి పెట్టె తీశాడు. "దీనికి చదువుతో పని లేదత్తా. ముందు ఈ చిల్లు చూశావా, ఇది దీని చెవి. పెట్టెమ్మా, హరికథ పెట్టు అంటే పెడుతుంది. ఆపమంటే ఆపుతుంది. ఎవడి దయా అక్కర్లేదు."

"ఆ చెవి ఎప్పుడు మూసుకుంటుంది?" అన్నాడు తురాయి.

"పిలవందే పలకదు నాయనా."

"పలకడం సంగతి నేనడగలేదు. వినడం సంగతి అడిగాను."

నక్క నవ్వు కాస్త సన్నబడింది. కానీ చుక్కమ్మ చూసింది పుంజునే. తనకు అందివచ్చిన మర్యాదను వీడు మళ్లీ కాలదన్నడానికి చూస్తున్నాడని ఆమె కడుపు మండింది. "ఓబన్నా, అక్షరాలొచ్చినవాళ్లకు అన్నీ అనుమానాలే. వాణ్ని నోరు మూసుకోమను. ఇది నా పాక. పెట్టె నేను ఎంచుకుంటా."

ఊరికే తీసుకోవడం ఆ ఇంటా వంటా లేదు కాబట్టి నక్కకు ముంతెడు గడ్డపెరుగు ఇప్పించి పంపింది.

పెట్టె బాగానే పనిచేసింది. చుక్కమ్మ అడిగిన హరికథ, ఓబన్న అడిగిన వాన కబురు, కోడిపెట్ట మైలమ్మ అడిగిన సీరియలు, అన్నీ మాట జారేలోపు తెర మీదికి వచ్చేవి. దొడ్డంతా సాయంత్రానికి పాకలోనే చేరేది. అందుకని చుక్కమ్మ తను పొద్దుగూకేవేళ చేసే విచారణను కూడా తొట్టి దగ్గరినుంచి టీవీ ముందుకు మార్చింది. ఆ దొడ్డిలో అదొక ఆచారం. రేపు ఎవరు ఎటు మేతకు పోతున్నారో ఒక్కొక్కరూ నిలబడి చెప్పాలి. నసిగితే కుదరదు.

"ఏమ్మాయ్ మైలా, ఎటు?"

"గడ్డివామి వెనక్కి పెద్దమ్మా."

"వామికి ఏ వైపు? పొద్దునా, మధ్యాహ్నమా? నోట్లో గింజ ఉన్నట్టు మాట్లాడకు."

"మధ్యాహ్నం. తూర్పు వైపు. పిల్లలతో."

మర్నాడు మధ్యాహ్నం వామికి తూర్పు వైపున మైలమ్మ పిల్లల్లో ఒకటి పోయింది. నల్ల కాళ్ల పిల్ల. ఒక్క ఈక మిగిలింది.

మైలమ్మ ఏడుపు విని చుక్కమ్మ రంకె వేసింది. కోపం ఎవరి మీద చూపాలో వెతుక్కుంటే గుమ్మంలో సింగడు కనపడ్డాడు. "కాపలా కాసేది ఇలాగేనా? నిద్రపోయావు."

"లేదు పెద్దమ్మా. నేను పడమటి వైపున్నా. నక్కకు తూర్పు వైపే అని ముందే తెలిసినట్టుంది."

"నక్కకు సోది ఎవరైనా చెప్పారా? నీ తప్పు కప్పుకోకు. పాక గడప తొక్కకు."

సింగడు తోక ముడుచుకుని కళ్లం గట్టుకు పోయి పడుకున్నాడు. నాలుగు రోజులు తిరక్కుండానే ఇంకో పిల్ల పోయింది, ఈసారి బావి వెనక. అదీ మైలమ్మ ముందురోజు చెప్పిన చోటే. తురాయి ఏదో చెప్పబోయాడు. చుక్కమ్మ మొహం తిప్పుకుంది.

ఆ వారంలోనే జంబయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి పొన్నగంటి ఆకు కూడా తెచ్చాడు.

"పెట్టె ఎలా ఉందత్తా? ఇంకొకటి తెచ్చా, కోళ్లగూట్లో పెట్టించు. పాపం మైలమ్మకి కాలక్షేపంగా ఉంటుంది. ఇదిగో, ఈ ఆకు నీకు. కుడి కంటి మసకకు దీన్ని మించింది లేదు."

చుక్కమ్మ దవడ కదపడం మానేసింది.

కుడి కన్ను మసకబారిన మాట నిజం. కానీ ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. ఓబన్నతో అనలేదు. అంటే దొడ్డి పెత్తనం జారిపోతుందని ఆమె భయం. ఒకే ఒకసారి, అందరూ మేతకు పోయాక, టీవీ ముందుకు పోయి గొంతు తగ్గించి అడిగింది, పెట్టెమ్మా, కంటి మసకకు ఏ ఆకు మంచిది అని. అంతే. ఆ మాట విన్నది ఆ చిల్లు ఒక్కటే.

వామికి తూర్పు, బావి వెనక, మధ్యాహ్నం. గట్టిగా చెప్పు, విడమరచి చెప్పు అని ఆ తల్లి చేత పలికించింది తనే. కొమ్ము దించితే నక్క అక్కడికక్కడే చిరిగిపోయేవాడు. కానీ వాడు గుమ్మానికి అవతలే నిలబడ్డాడు, పరుగెత్తడానికి ఒక కాలు వెనక్కి పెట్టుకుని. చుక్కమ్మ కోపాన్ని నెమరులాగా లోపలికి మింగింది.

"మంచివాడివి. ఆకు అక్కడ పెట్టు. రెండో పెట్టె సంగతి ఎల్లుండి చూద్దాం" అంది.

నక్క పోయాక ఆమె తొట్టి దగ్గరికి నడిచింది. తురాయి అక్కడ నీళ్లు తాగుతున్నాడు. ఓబన్న అలవాటు చొప్పున ఇద్దరి మధ్యా వచ్చి నిలబడ్డాడు.

"నువ్వు తప్పుకో ఓబన్నా. ఒరేయ్ తురాయీ."

పుంజు మెడ నిక్కించాడు. "నన్నేనా పెద్దమ్మా?"

"నిన్నే. పాకలో మాట నక్క చెవిలో ఎలా పడుతుంది? తిరకాసు లేకుండా చెప్పు."

"రైతు కోడలు చేలో ఉండి, ఇంట్లో పిల్లాడి ఏడుపు ఫోనులో వినడం లేదూ? అలాగే. జంబయ్య పొదలో పాత ఫోను చెవి కింద పెట్టుకుని పడుకుంటున్నాడని కాకి చెప్పింది. చెబుదామని వచ్చా. మీరు మొహం తిప్పుకున్నారు."

"అది తర్వాత."

"అయితే పెట్టె పీకేద్దాం వదినా" అన్నాడు ఓబన్న.

"పీకితే వాడికి తెలిసిపోతుంది. వాడికి వినాలనుంది కదా, కడుపు నిండా వినిపిద్దాం."

ఆ సాయంత్రం విచారణ ఎప్పటికంటే కరుగ్గా సాగింది.

"మైలా, ఎటు?"

"బురదగుంట అవతలి గట్టుకి పెద్దమ్మా" అని గొణిగింది మైలమ్మ.

"గట్టిగా. వినపడలేదు."

"బురదగుంట అవతల, తుంగలో. రేపు మధ్యాహ్నం. పిల్లలందరితో."

"సరే. నేనూ ఓబన్నా చెరకు తోట వైపు పోతున్నాం. ఆ సింగడెలాగూ దండగ."

మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చేసరికి జంబయ్య గుంట ఒడ్డుకు చేరాడు. అవతల తుంగలో మైలమ్మ కొక్కొక్కోమంటోంది. పిల్లలన్నీ గూట్లో గడియ వేసి భద్రంగా ఉన్నాయని వాడికి తెలియదు. గుంటకు అడ్డంగా నల్లరాళ్లు తేలి ఉన్నాయి. కాళ్లకు బురద అంటకుండా ఒక రాయి మీదినుంచి ఇంకో రాయి మీదికి గెంతుతూ పోయాడు. నడిమధ్య రాయి వెచ్చగా తగిలింది. ఎండకు కాలిందనుకున్నాడు.

ఆ రాయి లేచింది.

పొద్దుటినుంచి ముక్కుపుటాలూ వీపూ మాత్రం పైకి పెట్టి బురదలో మునిగి ఉన్న చుక్కమ్మ ఒక్క విదిలింపు విదిలించింది. నక్క గాల్లోకి లేచి, మెడదాకా బురదలో దిగబడ్డాడు. వాడి ఫోను బుడుంగున మునిగింది. కొమ్ము వాడి నెత్తి మీదికి వచ్చి ఆగింది.

"అత్తా, నీ పెరుగు తిన్నవాణ్ని."

"పెరుగు తిని, ఆ చేత్తోనే పిల్లల్ని తిన్నావు. ఆ నల్ల కాళ్లదానికి గింజ ఏరుకోవడం కూడా రాదురా."

"నువ్వే కదా పెట్టె ఎంచుకున్నావు. నేను బలవంతం చేశానా?"

ఆ మాట ఆమెకు తగలాల్సిన చోటే తగిలింది. కొమ్ము ఇంకాస్త దిగింది. "అవును, ఎంచుకున్నాను. కాబట్టి దీని లెక్కా నేనే తేలుస్తాను. సింగా, ఎక్కడున్నావు? రా. ఇక నీ పని కానియ్యి."

గట్టు చాటున కాచుకుని ఉన్న సింగడు దూకాడు. నక్క ఎలాగో బురద పెకలించుకుని పరుగెత్తాడు గానీ, తోక సగం కుక్క నోట్లోనే ఉండిపోయింది. తిరిగొచ్చిన సింగడికి చుక్కమ్మ క్షమాపణ చెప్పలేదు. గడప లోపల గడ్డి పరిపించి, "నీ చోటు అది, పడుకో" అంది.

నక్క ఇచ్చిన పెట్టె ఆమె గిట్ట కింద పొడైంది. మరుసటి సంతనుంచి కాకి చేత తురాయి మీటల పెట్టె తెప్పించాడు. చుక్కమ్మ దాన్ని ఎడమ కంటితో అన్ని వైపులా పరీక్షించింది. చిల్లు లేదని తేలాకే టీవీకి పెట్టనిచ్చింది. "పేర్లు చదువు. మెల్లగా. నేను ఆపమన్నచోట ఆపు" అంది పుంజుతో.

జంబయ్య కొండవతల తిరుగుతున్నాడనీ, సగం తోకతో ఏ దొడ్డి గుమ్మం ముందు నిలబడ్డా తరిమేస్తున్నారనీ, కాలవలో పీతలు ఏరుకుని బతుకుతున్నాడనీ కాకి కబురు తెచ్చింది.

"పాపం" అన్నాడు ఓబన్న.

"ఆ మాట నా తొట్టి దగ్గర అనకు" అంది చుక్కమ్మ.

నీతి: చెవులున్న వస్తువును ఇంట్లో పెట్టుకునేముందు ఆ చెవులు ఎవరివో కనుక్కోవాలి.