గిల్లయ్య పెట్టిన దాహం పందెం

అనగనగా ఒక అడవి ఉండేది. అడవి అనగానే పచ్చగా, చల్లగా ఉంటుందనుకుంటున్నారు కదూ? ఇది ఎండాకాలం అడవి. ఆకులు సగానికి సగం రాలిపోయాయి. వాగులో నీళ్ళు పోయి ఇసుక మిగిలింది. మధ్యాహ్నం అయితే చాలు, కాకులు కూడా అరవడానికి ఓపిక లేక నోళ్ళు తెరుచుకుని కొమ్మల్లో కూర్చునేవి.

ఆ అడవిలో ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. నవ్వకండి, నిజంగానే ఉండేది! ఎండుగడ్డిని ఉండలా చుట్టి, చెట్టునారతో గట్టిగా బిగించి బంతి చేసుకున్నారు. రెండు బండరాళ్ళ మధ్య ఖాళీయే గోలు. వాళ్ళకి ఆట నేర్పేది గౌరయ్య అనే ముసలి అడవిదున్న. పిల్లలంతా ఆయన్ని 'గౌరయ్య మావా' అని పిలిచేవాళ్ళు.

గుట్ట అవతల దుప్పుల జట్టుతో మర్నాడే మ్యాచ్. ఆ సంగతి మాట్లాడడానికి గౌరయ్య మావ పొద్దున్నే గుట్ట దగ్గరికి బయల్దేరాడు. వెళ్ళేముందు మైదానం పక్కనున్న మద్దిచెట్టు కిందికొమ్మకి నీళ్ళు నింపిన సొరబుర్రలు వరసగా వేలాడదీశాడు.

"ఒరేయ్, జాగ్రత్తగా వినండి. ఎండ తగ్గాకే ఆట మొదలెట్టండి. మధ్యమధ్యలో ఆపి అందరూ నీళ్ళు తాగండి. దాహం వేసేదాకా ఆగొద్దు. ఎవరికైనా తల తిరిగితే వెంటనే నీడకి తీసుకెళ్ళండి. అర్థమైందా?" అన్నాడు.

"అర్థమైంది మావా!" అని అందరూ ఒక్కసారే అరిచారు. అలా ఒక్కసారే అరిచారంటే ఎవరికీ అర్థం కాలేదన్నమాట.

ఎండ నెత్తి మీదికి వచ్చింది. జట్టులో చాలామంది దూరంగా నీడ చూసుకుని కునుకు తీశారు. నిద్రపోనిది నలుగురే.

మొదటివాడు గిల్లయ్య. కొండముచ్చు. కనబడిన వాళ్ళందరినీ గిల్లి పారిపోతాడు కాబట్టి వాడికి ఆ పేరొచ్చింది. రెండోది జువ్వ. కుందేలు పిల్ల. పరుగు మొదలెడితే దుమ్మే తప్ప అది కనబడదు. మూడోవాడు గుర్నాథం. అడవిపంది. మాట్లాడే ముందు ఒకసారి, మాట్లాడాక ఒకసారి 'గుర్ర్' అంటాడు. నాలుగోవాడు బొద్దు. ఎలుగుబంటి పిల్ల. జట్టుకి గోల్‌కీపర్. ఒళ్ళంతా దట్టమైన నల్లబొచ్చు, లోపలంతా మంచి మనసు. ఎవరేం చెప్పినా నమ్మేస్తాడు.

"రేపు మ్యాచ్ పెట్టుకుని ఇవాళ నిద్రేంటర్రా? రండి, ఇప్పుడే ఆడదాం!" అన్నాడు గిల్లయ్య.

"గుర్ర్! మావ ఎండ తగ్గాక ఆడమన్నాడు కదా? గుర్ర్!" అన్నాడు గుర్నాథం.

"మావ ముసలాడు. ఆయనకి ఎండంటే భయం. మనకేం భయం? ఒక పందెం వేద్దాం. ఆట అయ్యేదాకా ఎవరూ చుక్క నీళ్ళు ముట్టకూడదు. ముందు తాగినవాళ్ళు రేపు దుప్పుల ముందు కప్పలా గెంతుతూ మైదానమంతా తిరగాలి. సరేనా?"

దుప్పుల ముందు కప్పగెంతులా! అంత అవమానం ఎవరికి కావాలి? అలాగని పందేనికి రానంటే పిరికివాళ్ళంటారు. అందరూ తలూపారు.

"తలూపితే చాలదు, ఒట్టు పెట్టాలి" అన్నాడు గిల్లయ్య. ముందు తనే పెట్టాడు. "ఈ నేలమీద ఉన్నంతసేపూ చుక్క నీళ్ళు తాగను, ఒట్టు!"

జువ్వ చెవులు నిక్కబొడుచుకుని, "ఆ సొరబుర్రల్లో నీళ్ళు ముట్టను, ఒట్టు!" అంది.

గుర్నాథం కాసేపు ఆలోచించి, "గుర్ర్! నీళ్ళు గుటక వేయను, ఒట్టు! గుర్ర్!" అన్నాడు.

బొద్దు మాత్రం నెత్తిమీద చెయ్యి పెట్టుకుని, "పందెం అయ్యేదాకా నీళ్ళు తాగను. అమ్మతోడు!" అన్నాడు.

చూశారా, ఎవరి ఒట్టు ఎలా ఉందో? మొదటి మూడింటికీ దొడ్డిదారులున్నాయి. నాలుగోదానికి లేదు.

"ఎవరికీ ఆశ పుట్టకుండా సొరబుర్రల్ని చెట్టు చిటారుకి చేర్చేస్తా" అని గిల్లయ్య వాటన్నిటినీ పైకి మోసుకుపోయాడు. ఎంత మంచివాడో అనుకున్నాడు బొద్దు.

ఆట మొదలైంది.

మొదట జువ్వ బంతిని కావాలనే రెల్లుపొదల్లోకి తన్నింది. "నేను తెస్తా!" అంటూ పరుగెత్తింది. ఎంతకీ రాలేదు. వచ్చేసరికి దాని మీసాల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఆ తడేంటి?" అని అడిగాడు బొద్దు.

"చెమట" అంది జువ్వ. కుందేలు మీసాలకి చెమట పడుతుందా? బొద్దు నమ్మాడు. "పాపం, ఎంత కష్టపడి వెతికావో!" అన్నాడు.

నిజానికి ఆ పొదల వెనక, వాగు ఇసుకలో జువ్వ ఎప్పుడో ఒక చెలమ తవ్వి పెట్టుకుంది. ఇసుక లోతుగా తీస్తే చల్లటి నీళ్ళు ఊరతాయి కదా, అదీ.

తర్వాత గుర్నాథం పొట్ట పట్టుకున్నాడు. "గుర్ర్! కడుపులో నొప్పి. ఇప్పుడే వస్తా. గుర్ర్!" అని వెదురుపొదల వెనక్కి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి తల నుంచి తోకదాకా చల్లటి బురద!

"అయ్యో, ఏమైంది?" అన్నాడు బొద్దు.

"జారి పడ్డా" అన్నాడు గుర్నాథం. ఆ కంగారులో గుర్ర్ అనడం కూడా మరిచిపోయాడు.

"దెబ్బ తగిలిందా? నొప్పిగా ఉంటే కూర్చో" అన్నాడు బొద్దు, పాపం.

ఇక గిల్లయ్య. "గౌరయ్య మావ వస్తున్నాడేమో చూసొస్తా" అంటూ మద్దిచెట్టు ఎక్కేవాడు. మావని చూసేదేమీ లేదు. ఒక బుర్ర ఎత్తి గటగటా తాగేవాడు. ఇంకో బుర్ర నెత్తిమీద కుమ్మరించుకునేవాడు. మరో బుర్రతో తోక కడుక్కునేవాడు! తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు కిందికి దూకేవాడు.

బొద్దు వాడిని చూసి, 'గిల్లయ్యకి అసలు దాహమే వేయదు కాబోలు. ఎంత గట్టివాడో! నేనూ అలాగే ఉండాలి' అనుకున్నాడు. నాలుక అట్టలా అయినా, తల బరువెక్కినా బండరాళ్ళ మధ్య నుంచి కదల్లేదు.

కాసేపటికి గిల్లయ్య బంతిని గోలువైపు తన్నాడు. బొద్దు పట్టుకున్నాడు. పట్టుకుని బంతిని ముద్దు పెట్టుకున్నాడు. వెనక్కి తిరిగి, తన గోలులో తనే బంతి పెట్టి, "గోల్! గోల్!" అని చేతులెత్తి గెంతాడు.

ముగ్గురూ పడీపడీ నవ్వారు.

బొద్దు తూలుతూ వెళ్ళి ఒక పుట్ట ముందు నిలబడ్డాడు. "నమస్కారం మావా! గుట్ట నుంచి ఎప్పుడొచ్చావు?" అని దానికి దణ్ణం పెట్టాడు.

గుర్నాథం నేలమీద దొర్లి నవ్వాడు. గిల్లయ్య పొట్ట పట్టుకుని, "ఒరేయ్ బొద్దూ, మావకి ఈగలు విసురు!" అన్నాడు. బొద్దు నిజంగానే పుట్టకి విసరడం మొదలెట్టాడు.

అందరికన్నా ముందు నవ్వు ఆపింది జువ్వ.

"ఆగండ్రా. వీడు నవ్వించడానికి చేయట్లేదు" అంది. దగ్గరికెళ్ళి బొద్దు చేయి పట్టుకుని, చటుక్కున వదిలేసింది. పొయ్యి మీది పెనంలా ఉంది ఆ చేయి.

"బొద్దూ, నేనెవరు?" అని అడిగింది.

బొద్దు దానికేసి చూశాడు. ఏమీ చెప్పలేదు. అలాగే దబ్బున పడిపోయాడు.

ఇక ఎవరికీ నవ్వు రాలేదు.

"నీడకి లాగండి!" అని అరిచింది జువ్వ. ముగ్గురూ కలిసి ఎలాగో మద్దిచెట్టు మొదట్లోకి లాగారు. "గిల్లయ్యా, నీళ్ళు దించు! తొందరగా!"

గిల్లయ్య పైకి పాకాడు. ఒక బుర్ర ఊపి చూశాడు. ఖాళీ. ఇంకోటి. ఖాళీ. వెతగ్గా వెతగ్గా ఒక దాంట్లో సగం నీళ్ళున్నాయి. అదే పట్టుకుని దిగాడు.

"ఇంతేనా? మిగతావి?" అంది జువ్వ.

"అవి... ఒలికిపోయాయి" అన్నాడు గిల్లయ్య. బుర్ర మూతిని బొద్దు నోటికి ఆనించబోయాడు.

"వద్దు! ఒంటిమీద తెలివి లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకూడదని మావ చెప్పాడు. ఊపిరి ఆగిపోతుందట. తల మీద, మెడ మీద పొయ్యి!" అంది జువ్వ.

గిల్లయ్య పోశాడు. ఆ దట్టమైన బొచ్చుకి సగం బుర్ర ఏం చాలుతుంది? బొద్దు కళ్ళు తెరవలేదు.

జువ్వ వెదురుపొదలకేసి చూస్తున్న గుర్నాథాన్ని చూసింది. గుర్నాథం రెల్లుపొదలకేసి చూస్తున్న జువ్వని చూశాడు. ఇద్దరికీ తమ రహస్యం బయటపడుతుందని భయం. కానీ బొద్దు ఎగశ్వాసతో రొప్పుతున్నాడు.

"రెల్లుపొదల వెనక నా చెలమ ఉంది. నేను అక్కడే తాగాను" అంది జువ్వ గబగబా.

"గుర్ర్! వెదురుపొదల వెనక నా బురదగుంట ఉంది. నీడలో. నేను దొర్లింది అక్కడే. గుర్ర్!" అన్నాడు గుర్నాథం.

తిట్టుకోవడానికి టైము లేదు. ముగ్గురూ కలిసి బొద్దుని బురదగుంట దగ్గరికి ఈడ్చారు. తల బయటికి ఉంచి, ఒంటినంతా చల్లటి బురదలో పడుకోబెట్టారు. గిల్లయ్య చెలమకీ గుంటకీ మధ్య పరుగులు తీసి, బుర్రల నిండా నీళ్ళు తెచ్చి బొద్దు తల మీద పోశాడు. గుర్నాథం మోదుగాకుల కొమ్మతో విసిరాడు. జువ్వ గౌరయ్య మావని పిలవడానికి గుట్టకేసి దౌడు తీసింది. అది ఎప్పుడూ అంత వేగంగా పరుగెత్తలేదు.

గౌరయ్య మావ వచ్చేసరికి బొద్దు ఊపిరి నెమ్మదించింది. మావ వాడి నుదురు నాకి చూశాడు. చెవి దగ్గర నోరు పెట్టి, "బొద్దూ" అన్నాడు.

బొద్దు కళ్ళు తెరిచాడు. "మావా" అన్నాడు. ఈసారి పుట్టని కాదు, మావనే.

"హమ్మయ్య! ఇప్పుడు కొంచెం కొంచెంగా నీళ్ళు తాగు నాన్నా" అన్నాడు మావ.

బొద్దు నోరు గట్టిగా మూసేసుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఏం నాయనా?"

"తాగను. అమ్మతోడని ఒట్టేశాను. పందెం అవ్వకముందు తాగితే మా అమ్మకి ఏమైనా అయితే?" బొద్దు కళ్ళలోంచి నీళ్ళు కారాయి. ఒంట్లో మిగిలిన కాసిని నీళ్ళూ అలా పోతున్నాయి.

మావ బతిమాలాడు. గదమాయించాడు. బొద్దు నోరు తెరవలేదు.

గిల్లయ్య దూరంగా నిలబడి ఉన్నాడు. బుర్రలు ఒలికిపోయాయన్న మాటని ఎవరూ అబద్ధమనలేదు. నోరు మూసుకుంటే తప్పించుకోవచ్చు. వాడు తోకని చేతుల్లోకి తీసుకుని నలిపాడు. ఒక అడుగు ముందుకి వేశాడు. ఆగాడు. మళ్ళీ వేశాడు.

"పందెం ఎప్పుడో అయిపోయిందిరా బొద్దూ" అన్నాడు. "అందరికన్నా ముందు నేనే తాగాను. చెట్టు మీద. చాలాసార్లు తాగాను. తోక కూడా కడుక్కున్నాను. బుర్రలు ఒలికిపోలేదు. నేనే ఖాళీ చేశాను."

"నేనూ తాగాను" అంది జువ్వ తల వంచుకుని.

"నేను తాగలేదు గానీ బురదలో దొర్లాను. గుర్ర్" అన్నాడు గుర్నాథం.

బొద్దు ఒక్కొక్కరి మొహం చూశాడు. "అంటే, ఎండిపోయింది నేనొక్కడినేనా?" అని అడిగాడు.

ముగ్గురూ తలూపారు.

"మరి పందెం అయిపోయినట్టేనా? అమ్మకి ఏం కాదుగా?"

"ఏం కాదురా. అయిపోయింది. నేను ఓడిపోయాను" అన్నాడు గిల్లయ్య.

అప్పుడు బొద్దు నోరు తెరిచాడు. మావ చెలమ నీళ్ళలో కాస్త తేనె, చిటికెడు ఉప్పు కలిపి గుక్కగుక్కగా పట్టించాడు. పొద్దు వాలేదాకా ఎవరూ అక్కణ్ణుంచి కదల్లేదు.

గౌరయ్య మావ వాళ్ళని కొట్టలేదు, తిట్టలేదు. "మీ ముగ్గురూ దొంగచాటుగా బతికారు. వీడు నిజాయితీగా చావబోయాడు. నాకు రెండూ నచ్చలేదు" అన్నాడు. ఆ మాట దెబ్బకన్నా గట్టిగా తగిలింది.

మర్నాడు సాయంత్రం, ఎండ చల్లబడ్డాక మ్యాచ్ మొదలైంది. బొద్దు ఇంకా కొన్నాళ్ళు ఆడకూడదని మావ నీడలో కూర్చోబెట్టాడు. మరి గోలులో ఎవరు? బొద్దు పొద్దుటి నుంచి గిల్లయ్యతో మాట్లాడలేదు. ఇప్పుడు వేలు చూపించి, "వాడు. కప్పగెంతుల బదులు ఇదే" అన్నాడు.

అబ్బో, గిల్లయ్య గోల్‌కీపింగ్ చూసి తీరాలి! బంతి ఎడంవైపు వస్తే వాడు కుడివైపు ఎగిరేవాడు. పైనుంచి వస్తే కింద వెతికేవాడు. దుప్పులు గోలు మీద గోలు కొట్టాయి. ఆగిన బంతి ఒక్కటే. అది కూడా వాడు వెనక్కి తిరిగి ఏడవబోతుంటే తోకకి తగిలి ఆగింది.

అది చూసి బొద్దు నవ్వేశాడు. కోపంగా ఉందామని ఎంత ప్రయత్నించినా ఆగలేదు.

ఆట మధ్యలో మావ అందరినీ ఆపి నీడకి పిలిచాడు. గిల్లయ్య తల దించుకుని అందరికన్నా చివర్న వచ్చాడు. నీళ్ళ దగ్గరికి వెళ్ళకుండా దూరంగా కూర్చున్నాడు. బొద్దు లేచి, నిండు సొరబుర్ర ఒకటి తీసుకెళ్ళి వాడి చేతిలో పెట్టాడు.

"అందరి ముందూ తాగరా. ఇంకా సగం ఆట ఉంది" అన్నాడు.

నీతి: ఎండలో ఆడేటప్పుడు దాహాన్ని అణుచుకోవడం మొనగాడితనం కాదు. వేళకి నీళ్ళు తాగాలి, పక్కవాడు తాగాడో లేదో చూసుకోవాలి.