నాంచారి పన్నుకో కప్పు

ఏదీ, నోటికి అడ్డం పెట్టుకున్న ఆ చెయ్యి తియ్యి చిట్టీ. పన్ను ఊడితే ఏమైందే? ఇలా వచ్చి పడుకో. నీలాగే తొర్రిపళ్ళ పిల్ల ఒకతి ఉండేది, దాని కథ చెబుతాను.

అనగనగా ఒక ఊరు. ఊరి బయట కోసిన వరిచేలు. ఆ చేలల్లో రాలిన గింజలకి బాతుల్ని మేపుకుంటూ బాతుల వాళ్ళు వచ్చి గుడారం వేసుకున్నారు. వాళ్ళ పిల్ల పేరు నాంచారి. మేత అయిపోతే గుడారం చుట్టేసి ఇంకో ఊరు పోవడమే. వాళ్ళకి ఇల్లూ లేదు, వాకిలీ లేదు.

ఒకరోజు నాంచారికి ముందు పన్ను ఊడింది. అప్పుడు ఊళ్ళో పిల్లలు చుట్టూ చేరి, "తొర్రిపళ్ళ నాంచారీ! పన్ను పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీద వెయ్యాలి. లేకపోతే కొత్త పన్ను రానే రాదు," అన్నారు. పిల్ల హడలిపోయింది పాపం. గుడారం మీద వేసి చూసింది. పన్ను సర్రున జారి కిందపడింది. ఓ బాతు మింగబోతే లాక్కుంది.

"మనకి కప్పెక్కడిదే తల్లీ," అని వాళ్ళమ్మ దాని కళ్ళు తుడిచింది. నాంచారి ఆ పూట అన్నం ముట్టలేదు. జన్మంతా తొర్రితోనే ఉండిపోతానని దాని భయం.

ఆ తర్వాత పన్ను పేడముద్దలో పెట్టుకుని ఊళ్ళోకి వెళ్ళింది. మొదట రత్తమ్మగారి డాబా. ఆవిడవి మల్లెమొగ్గల్లాంటి పళ్ళు. ఆ పళ్ళతోనే నవ్వుతూ, "మా డాబా మీద వడియాలు ఎండుతున్నాయి, పో పో," అంది. పళ్ళు బాగుంటే సరా, మాట బాగుండొద్దూ?

ఆ తర్వాత గవర్రాజుగారి పెంకుటిల్లు. చుట్టలు కాల్చీ కాల్చీ ఆయనవి గారపళ్ళు. "బాతుల వాళ్ళకి కప్పులెందుకే?" అని ఆ గారపళ్ళన్నీ బయటపెట్టి ఇకిలించాడు. నా ఎదురుగా అనాల్సింది ఆ మాట, చెప్పేదాన్ని!

ఊరి చివర వరాలమ్మ అనే అవ్వ గుడిసె ఉంది. తాటాకు కప్పు. అవ్వ నోట్లో ఒక్క పన్నూ లేదు, బోసినోరు. నాంచారి భయపడుతూనే అడిగింది.

"దానికేం తల్లీ, వేసుకో. నా పాలపళ్ళు కూడా మా అమ్మ ఈ ఇంటి మీదే వేయించింది," అంది అవ్వ.

నాంచారి విసిరింది, చూరుకి తగిలి పడింది. మళ్ళీ విసిరింది, మళ్ళీ పడింది. అప్పుడు అవ్వ మూలుగుతూనే పిల్లని ఎత్తుకుంది. "పాత పన్ను నీకు, కొత్త పన్ను నాకు!" అని నాంచారి విసిరితే పేడముద్ద తాటాకులకి అతుక్కుపోయింది.

"పన్ను వచ్చాక నాకు చూపించాలి మరి. మర్చిపోకేం," అంది అవ్వ. ఆ మర్నాడే బాతుల వాళ్ళు గుడారం చుట్టేశారు.

మళ్ళీ కోతలయ్యాయి. మళ్ళీ బాతులు వచ్చాయి. నాంచారి ఒక్క పరుగున అవ్వ గుడిసెకి వెళ్ళింది. కొత్త పన్ను వచ్చింది మరి! కాస్త ఎత్తుగా వచ్చిందిలే. దారిలో పిల్లలు 'ఎత్తుపళ్ళ నాంచారీ' అని అరిచారు కూడా. అది వినిపించుకుంటేగా!

గుమ్మంలో నిలబడి నోరంతా తెరిచి నవ్వింది. అవ్వ మాత్రం గోడ తడుముకుంటూ, "ఎవరూ?" అంది. ఈ మధ్యలో ఆవిడకి చూపు పోయింది చిట్టీ.

"నేనవ్వా, నాంచారిని. పన్ను వచ్చింది. నువ్వే చూడలేవు," అని పిల్ల ఏడ్చేసింది.

"ఎందుకు చూడలేనూ? ఏదీ, నోరు తెరువు," అని అవ్వ వేలు పెట్టి పన్నంతా తడిమింది. "గట్టిదేనా? కొరుకు చూద్దాం," అంది.

అప్పుడు నాంచారి కసుక్కున కొరికింది.

"అబ్బా! వచ్చిందే వచ్చింది!" అని అవ్వ వేలు విదిలించుకుంటూ బోసినోటితో ఒకటే నవ్వు. నాంచారి కూడా ఎత్తుపన్ను బయటపెట్టి నవ్వింది.

రేపు పొద్దున్నే నీ పన్ను మన ఇంటికప్పు మీద వేద్దాం. కొత్తది వచ్చాక నాకు చూపించాలి సుమా. అప్పటికి ఈ కళ్ళు కనబడకపోయినా ఏం, వేలుందిగా.

పన్ను కప్పు మీదికి,
కథ కంచి దారికి,
నిద్దర నీ కళ్ళకి,
నువ్వు నా ఒడిలోకి.