కొర్లమ్మ కట్టిన నీళ్ల తాడు

సముద్రానికీ నేలకీ ఇంకా గట్టు తగువు తేలని కాలంలో, ఒడ్డున ఒక జాలరిపేట ఉండేది. ఆ పేటలో కొర్లమ్మ అని వలలు బాగుచేసే మనిషి ఉండేది. మొగుడు లేడు. ఒక్కడే కొడుకు. నోరు మాత్రం పెద్దది.

ఒక ఏడు సముద్రం పచ్చగా పూసింది. పూయడమంటే, కంటికి ఆనని నాచు నీటినిండా పుట్టి నీటికి రంగు తెస్తుంది. ఇలా ఇదివరకు ఎప్పుడైనా అయిందా అని కొర్లమ్మ అడిగింది. ముగ్గురు ముసలాళ్లు మూడు మాటలు చెప్పారు. సాయంత్రానికి కొట్టుకున్నారు కూడా. కొర్లమ్మకి ఒళ్లు మండింది. ఆవేళే ఒక తాడు పేనింది.

పేటలో ఏళ్ల లెక్క ఎవరికీ తెలియదు. అందుకని పుట్టుకకీ, పెళ్లికీ, చావుకీ ఆనాటి నీళ్ల రంగుని బట్టి తాడుకి ఒక్కో నూలుముక్క ముడేసేది. పచ్చ నీళ్లకి చిక్కుడాకు పసరులో ముంచిన నూలు. ఎర్ర నీళ్లకి తుమ్మచెక్క కషాయంలో ముంచిన నూలు. మామూలు నీళ్లకి ఉత్త నూలు. పాత సంగతుల కోసం పేటంతా తిరిగింది.

"అప్పా, నీ పెద్దోడు పుట్టినప్పుడు నీళ్లేటి రంగు?"

"తాతా, నీ తండ్రి పోయినప్పుడు నీళ్లేటి రంగు?"

పేట పెద్ద పోలయ్యనీ వదల్లేదు. "మావా, నీ పెళ్లికి నీళ్లేటి రంగు?"

"ఎర్రగుండేవే! సేపన్నదే పడ్లేదు. పెళ్లోరికి ఎండుసేపల పులుసెట్టాం," అని పోలయ్య పడీపడీ నవ్వాడు. కొర్లమ్మ ఎర్ర నూలు ముడేసుకుంది. దీనికి పిచ్చి ముదిరిందని జనం అనుకున్నారు.

కొడుక్కి పెళ్లయింది. కోడలు నూకాలు వచ్చింది. పారాణి ఆరకముందే సముద్రం ఎర్రబడింది. చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. పేటలో పొయ్యిలు వెలగలేదు. ఆకలి కోపం ఎవరో ఒకరి మీద పడాలి కదా, కొత్తకోడలి మీద పడింది.

"పిల్ల అడుగెట్టింది, నీళ్లు ఎర్రబడ్డాయి. పుట్టింటికి పంపియ్యి," అన్నాడు పోలయ్య.

నూకాలు గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. కొడుకు తలొంచుకుని నిలబడ్డాడు. ఇంత మంచి పిల్ల మళ్లీ దొరకదని కొర్లమ్మకి తెలుసు. భయం వేసింది. లోపలికెళ్లి తాడు తెచ్చింది.

ఒక ఎర్ర ముడి చూపించింది. "ఇది గాలివానకి పుట్టిన పిల్లది. అప్పుడు ఏ కోడలూ రాలేదు."

ఇంకో ఎర్ర ముడి చూపించింది. "ఇది మా అయ్య సావుది. అప్పుడూ ఏ కోడలూ రాలేదు."

మూడో ఎర్ర ముడి పోలయ్య చేతిలో పెట్టింది. "ఇది నీ పెళ్లిది మావా. నువ్వు సెప్పిందే. మరి అత్తని పంపీలేదేటి?"

పోలయ్య పెళ్లాం అక్కడే ఉంది. మొగుడి వంక చూసింది. పోలయ్య తువ్వాలు దులుపుకుని లేచాడు.

"ప్రతి ఎర్ర ముడి తరవాతా ఉత్త ముడే ఉంది, సూడండి. నీళ్లు తేరుకుంటాయి," అంది కొర్లమ్మ. తేరుకున్నాయి. నూకాలు ఉండిపోయింది. అత్త పక్కన కూర్చుని నూలు ముంచడం నేర్చుకుంది.

చాలా కాలానికి కొర్లమ్మ పోయింది. పేటంతా ఏడ్చింది. కర్మకాండలయ్యాక నూకాలు తాడు ముందేసుకుని కూర్చుంది.

"మా అత్త పోయిన్నాడు నీళ్లేటి రంగు?"

పడవలోళ్లని అడిగింది. వలలోళ్లని అడిగింది. సొంత మొగుణ్ణి అడిగింది. ఎవరూ చూడలేదు. అందరూ ఏడుస్తూ ఉన్నారు. నూకాలు తాడు మీద జానెడు ఖాళీ వదిలేసింది.

ఆ సిగ్గు పేటకి ఇంకా పోలేదు. ఇప్పటికీ అక్కడ ఎవరైనా పోతే, ఇంట్లో ఒకరు ముందు ఒడ్డుకెళ్తారు. నీళ్లు చూసొచ్చి రంగు చెప్తారు. ఆ తరవాతే ఏడుస్తారు.