శాస్త్రిగారి పచ్చగట్టు

గోదావరి ఒడ్డున వెదురుకోటను ఏలే నీలాద్రి భూపతికి ఒక పొద్దున మేడెక్కగానే చిరాకు పుట్టింది. నది కనబడడం లేదు. గట్టు పొడవునా మనిషెత్తు వట్టివేళ్ల దుబ్బులు అడ్డం.

“ఏమిటీ గడ్డం? గీయించండి!” అన్నాడు.

రాజులకు చిరాకొస్తే ముందు మూడేది నోరులేని వాటికే.

ఉద్యానాధికారి మార్కండేయశాస్త్రికి మొక్కల మీదకంటే తన శాలువాల మీద శ్రద్ధ ఎక్కువ. నెల తిరక్కుండా గట్టు సగం మేర దుబ్బులన్నీ వేళ్లతో సహా పీకించి, గరిక పరిపించాడు. పచ్చగా పరుపులా ఉంది. రాజు మురిసిపోయాడు.

“శాస్త్రీ, రేపు నీ ఎత్తు బంగారంతో తులాభారం! అది కాగానే మిగతా సగం కూడా పీకించు.”

ఆ సమయంలో మేడ కిటికీలకు కట్టిన వట్టివేళ్ల తడికల మీద పేరమ్మ నీళ్లు చల్లుతోంది. మిగిలిన ఆ సగం గట్టు వెనకే ఆమె పేట. ముప్పై ఇళ్లు. ఆ తడికలు అల్లేదీ వాళ్లే. వేరు కోసం ఒక వరుస తవ్వితే రెండు వరుసలు ముట్టకుండా వదలడం వాళ్ల తాతలనాటి కట్టుబాటు. ఎంత కరువొచ్చినా ఎవరూ దాన్ని తప్పలేదు.

రాజు మాట వినగానే పేరమ్మ చేతిలోని చెంబు జారింది. నీళ్లన్నీ రాజుగారి పాదాల మీద పడ్డాయి.

“తప్పయిపోయిందండి మారాజా! మా ముప్పై ఇళ్లూ ఏట్లో కలిసిపోతాయన్న భయంతో చెంబు వదిలేశాను.”

శాస్త్రి పకపకా నవ్వాడు. “గడ్డికీ మీ ఇళ్లకీ ఏమిటే సంబంధం? నా గట్టు చూడు, రాయి! ఏనుగెక్కినా కదలదు.”

పేరమ్మ కళ్లు మెరిశాయి.

“అయితే మారాజా, ఆయనగారి తులాభారం ఆ గట్టు మీదే, సరిగ్గా అంచున పెట్టించండి. ఊరంతా వట్టివేళ్ల గట్టు మీంచి చూస్తుంది, తమరు పడవలోంచి చూద్దురుగాని.”

రాజు సరేనన్నాడు. ఊరంతా చూస్తుందనేసరికి శాస్త్రి పొంగిపోయాడు. మర్నాడు బరువు పెరగాలని ఇరవై లడ్లు తిని, నాలుగు శాలువాలు కప్పుకుని మరీ వచ్చాడు.

అప్పటికి మూడు రోజులుగా గోదావరికి వరద ఎర్రనీరు తగిలి ఉంది. పేరమ్మను కూడా ఎక్కించుకుని రాజుగారి పడవ గట్టుకి కాస్త ఎడంగా వచ్చి ఆగింది. ఆయన తలెత్తి చూసి, తెరిచిన నోరు మూయడం మరిచిపోయాడు.

పైన పచ్చగరిక. దాని వేళ్లు జానెడు దిగి ఆగిపోయాయి. కింద ఇసకంతా కోసుకుపోయి, గట్టు గోడ లేని చూరులా గాలిలో నిలబడి ఉంది.

“పైన బంకమన్ను, కింద ఇసకండి. ఏరు అడుగునున్న ఇసకనే తింటుంది. గరిక వేరు అంత లోతుకి పోదు. అటు చూడండి, మా వట్టివేరు పోతుంది,” అంది పేరమ్మ.

అవతలి సగంలో వట్టివేళ్లు జడలు జడలుగా మనిషిలోతు దిగి, ఇసకను పిడికిట్లో పట్టుకున్నాయి. నీళ్లు కొట్టి కొట్టి పక్కకి తిరిగి పోతున్నాయి.

రాజు కంగారుగా లేవబోయాడు. పేరమ్మ అప్పటికే కేక వేసింది. “శాస్త్రిగారూ! త్రాసెక్కే ముందు ఓసారి పడవలోకొచ్చి తమ గట్టు చూసుకోండి!”

పడవను వట్టివేళ్ల వైపు ఒడ్డుకి పట్టగా, శాస్త్రి మీసం దువ్వుకుంటూ దిగి వచ్చాడు. చూశాడు. గబుక్కున పడవ అంచు పట్టుకున్నాడు.

“ప్రభూ, నాకు బంగారం మీద మొదట్నుంచీ ఆశ లేదు...”

“అయ్యో, మారాజు మాట పోకూడదు కదండి,” అంది పేరమ్మ. “ఆ త్రాసు ఎక్కడికి మార్పించమంటారో తమరే సెలవివ్వండి.”

శాస్త్రి నుదుటి చెమట తుడుచుకున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు.

“ఆ... ఆ వట్టివేళ్ల గట్టు మీదికి!”

పడవ వాళ్లు గెడలు వదిలేసి నవ్వారు. రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. భటులు త్రాసు ఎత్తుకుని వట్టివేళ్ల గట్టు మీదికి వచ్చారో లేదో, వెనక పచ్చగట్టు దభేలున ఏట్లో పడింది.

“ఆ దుబ్బుల జోలికి ఎవరూ పోకండి. నది చూడాలంటే పడవెక్కుతాను,” అన్నాడు రాజు. “పేరమ్మా, త్రాసెక్కు. బంగారం నీది.”

పేరమ్మకు కళ్లనిండా నీళ్లు తిరిగాయి. ఇల్లు దక్కిందన్న సంతోషం ముందు బంగారం ఆమెకు ఆనలేదు.

“మరి నా తులాభారమో?” అని గొణిగాడు శాస్త్రి.

“తమకీ ఉందండి,” అంది పేరమ్మ కళ్లు తుడుచుకుంటూ. “తమ ఎత్తు వట్టివేరు పిలకలు. పడిపోయినచోట తమ చేత్తోనే నాటాలి!”

“భేష్! అలాగే కానివ్వండి!” అన్నాడు రాజు.

శాస్త్రి గబగబా నాలుగు శాలువాలూ విప్పేశాడు. తిన్న లడ్లను మాత్రం ఏం చేయాలో తోచక పొట్ట నిమురుకుంటుంటే, గట్టు మీద ఊరంతా విరగబడి నవ్వింది.