ముందే తెలిసిన తీగచుట్ట

గుండ్లకొండ అని ఒకానొక రాజ్యం ఉండేది. పేరుకు తగ్గట్టే అక్కడ దారి పొడుగునా గుండ్లే. బండిలో పెరుగు కుండ పెట్టుకుని బయల్దేరితే సంత చేరేసరికి వెన్న తేలేదట. కొంచెం పెంచి చెబుతున్నానేమో గానీ, మరీ ఎక్కువేం కాదు.

ఆ రాజ్యాన్ని భేరుండ భూపతి ఏలేవాడు. మనిషి మంచివాడే. కానీ లోకంలో ఏ వస్తువు చూపించినా, "ఓస్, ఇంతేనా! ఇది మాకు ఎప్పుడో తెలుసు" అనడం ఆయనకు అలవాటు. రాజు అలా అనగానే పక్కనున్న ఆస్థాన పండితుడు గరళకంఠ శాస్త్రి, "నాకు అంతకు ముందే తెలుసు ప్రభూ" అనేవాడు. ఇద్దరూ సంతోషించేవారు.

ఇలాంటి రాజుకు తాతగారు ఒక ఆచారం మిగిల్చిపోయాడు. ఏటా ఆయుధపూజ మరునాడు కొత్తపని సభ జరపాలి. కొత్త వస్తువు చేసినవాడు దాన్ని బట్ట కప్పి తేవాలి. సభ మూడు ప్రశ్నలు వేయాలి. ఇది కొత్తదేనా? పనికొస్తుందా? చూడకముందు ఇంకెవరికైనా తట్టేదేనా? మూడింట్లోనూ నెగ్గితే రాగిరేకు మీద పట్టా రాసిస్తారు. పన్నెండేళ్ల పాటు అతని అనుమతి లేకుండా ఆ వస్తువును రాజ్యంలో మరొకరు చేయకూడదు. ఓడితే మాత్రం, సభ పొద్దు పాడుచేసినందుకు అతని పనిముట్లలో ముఖ్యమైనదాన్ని లాగేసుకుంటారు.

భూపతి గద్దెనెక్కి పందొమ్మిదేళ్లయింది. అన్నేళ్లలో ఒక్కడు నెగ్గితే ఒట్టు! రాగిరేకు చిలుము పట్టి పచ్చగా మారింది.

ఇక రాజుగారి బాధ చెబుతాను. ప్రతి సోమవారం ఆయన రథమెక్కి ఊరేగాలి. రథం ఒక్కో గుండు ఎక్కి దిగినప్పుడల్లా కిరీటం ఒకసారి, రాజు ఒకసారి ఎగిరేవారు. చివరికి కిరీటాన్ని గడ్డం కింద గుడ్డతో కట్టుకున్నాడు. మెత్తగా ఉంటుందని పదకొండు దిండ్లు వేయించుకుంటే, ఆ ఎత్తు మీంచి ఎగిరి రథం పందిరికి కిరీటంతో కన్నం పెట్టాడు. శాస్త్రి మూడు శాంతులు చేయించాడు. గుండ్లు శాంతించలేదు.

విసిగిపోయిన భూపతి మూడేళ్ల కింద చాటింపు వేయించాడు. "ఈ కుదుపుకు విరుగుడు తెలిసినవాడు వెంటనే చెప్పాలి. తెలిసీ దాచినవాడు ఎవడైనా సరే, వాణ్ణి ఇదే రథంలో, దిండు లేకుండా, కోట నుంచి పొలిమేర దాకా ఏడుసార్లు తిప్పుతాం!"

ఎవరూ రాలేదు.

రాజుగారి నడుముకు రోజూ నూనె మర్దనా చేసేవాడి పేరు పోలన్న. రాజ్యంలో ఏ దారిలో ఎన్ని గుండ్లున్నాయో ఆ నడుము తడిమి చెప్పగలడు. అతనికో స్నేహితుడు, కమ్మరి బసవోజు. ఒకనాడు పోలన్న కొలిమి దగ్గరికి వెళ్లేసరికి బసవోజు ఒక బల్ల మీద కూర్చుని పైకీ కిందికీ ఊగుతూ పకపకా నవ్వుతున్నాడు.

"ఏమైంది ఓజూ? ఎండదెబ్బా?"

"కూర్చుని చూడు పోలన్నా!"

పోలన్న కూర్చున్నాడు. మెత్తగా దిగాడు. మెత్తగా లేచాడు. అంతే, తనూ నవ్వు ఆపుకోలేకపోయాడు. బల్ల కింద నాలుగు మూలలా నాలుగు ఉక్కు తీగచుట్టలున్నాయి.

"తీగను చుట్టడం ఎవడైనా చుడతాడు" అన్నాడు బసవోజు. "మొదట చేసినవి అణిగి లేవలేదు. తర్వాతవి పటుక్కున విరిగాయి. ఎర్రగా కాల్చి, నువ్వులనూనెలో ముంచి, మళ్లీ నెమలికంఠం రంగు వచ్చేదాకా సన్నసెగన కాచాను. అప్పుడు లేచింది. దానికి రెండేళ్లు పట్టింది."

"సభకు తీసుకురా."

బసవోజు నవ్వు ఆగిపోయింది. "ఓడితే దాగలి పట్టుకుపోతారు పోలన్నా. మా నాన్న కూడా ఎర్రటి ఇనుమును ఆ దిమ్మె మీదే పెట్టి కొట్టేవాడు. అది లేకపోతే ఇంకొకడి కొలిమిలో తిత్తి ఊదుకుంటూ బతకాలి."

"తే. వాళ్లేమన్నా నువ్వు నోరెత్తకు. వాళ్లనే మాట్లాడనీ."

సభనాడు బసవోజు బల్లకు బట్ట కప్పి తెచ్చాడు. పక్కన ఇద్దరు భటులు దాగలిని మోసుకొచ్చి దించారు. బట్ట తీశారు. బల్లను నొక్కి చూపించారు.

"ఓస్, ఇంతేనా!" అన్నాడు భూపతి. "ఇది మాకు ఎప్పుడో తెలుసు."

గరళకంఠ శాస్త్రి మీసం సవరించుకున్నాడు. "కాకరతీగ చుట్టుకోదా? పాము చుట్టుకోదా? నా భార్య దండకడియం చుట్టలు కాదా? ఇందులో కొత్తేముంది ప్రభూ! పాతికేళ్లుగా నాకు తెలిసినదే."

"పాతది!" అని తీర్పు చెప్పాడు రాజు. భటులు దాగలి మీద చెయ్యి వేశారు. బసవోజు కళ్లలో నీళ్లు తిరిగాయి. పాపం, అయినా నోరెత్తలేదు.

అప్పుడు పోలన్న నూనెగిన్నె పక్కన పెట్టి వచ్చి, శాస్త్రి కాళ్ల మీద సాష్టాంగపడ్డాడు.

"పాతికేళ్లే! ఎంత జ్ఞానం శాస్త్రులవారూ! చుట్ట సంగతేనా, దాన్ని ఆసనం కింద పెడితే కుదుపు తెలియదన్న సంగతి కూడా తమకు తెలుసా?"

"ఆఁ, అదీ తెలుసు."

"నెమలికంఠం రంగు దాకా కాచాలని?"

"అది చిన్నపిల్లలకు కూడా తెలుసు" అన్నాడు శాస్త్రి ఉబ్బిపోతూ.

"రాయసంగారూ, ఇది తాటాకు మీద ఎక్కించండి" అన్నాడు పోలన్న. లేఖకుడు గంటం తీసి రాశాడు. "ఏలినవారు సెలవిస్తే, మూడేళ్ల కింద వేసిన రథం చాటింపు ఒక్కసారి వినాలని ఉంది."

చాటింపు వేసేవాడికి ఇంతకాలానికి సభలో మాట్లాడే అదృష్టం పట్టింది. డప్పు మీద నాలుగు దెబ్బలు వేసి, గొంతెత్తి అంతా చెప్పాడు. "తెలిసీ దాచినవాడు ఎవడైనా సరే" దగ్గర మరీ సాగదీశాడు.

రాజుగారి చెయ్యి తనంతట తానే నడుము మీదికి వెళ్లింది. ఆయన మెల్లగా శాస్త్రి వైపు తిరిగాడు.

"శాస్త్రీ, మేము పందొమ్మిదేళ్లుగా ఎగురుతుంటే, నీవు తెలిసీ చూస్తూ కూర్చున్నావా?"

"రథం కట్టించమంటారా ప్రభూ? దిండ్లు నేను తీసేస్తాను" అన్నాడు పోలన్న వినయంగా.

"అయ్యో, నాకేం తెలుసు!" శాస్త్రి గంతేశాడు. "ఇవ్వాళే చూస్తున్నాను! కలలో కూడా చూడలేదు!"

"మరి కాకరతీగ?"

"కాకరతీగ మీద ఎవడు కూర్చుంటాడయ్యా!"

"అయితే ఇది కొత్తదేనా?"

"సరికొత్తది!"

"చూడకముందు ఎవరికైనా తట్టేదేనా?"

"నాకే తట్టలేదు, ఇంకెవరికి తడుతుంది!"

సభ గొల్లుమంది. కానీ భూపతి నవ్వలేదు. ఆయనకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. గొంతు తగ్గించి, "పోలన్నా, తెలుసని మేమూ అన్నాం కదూ?" అన్నాడు.

"అన్నారు ప్రభూ. చాటింపులో 'ఎవడైనా సరే' అనే ఉంది. కానీ తమరు నిర్దోషులని సాక్ష్యం చెప్పడానికి నా రెండు చేతులున్నాయి. ఈ విరుగుడు తెలిసినవాడి నడుము అలా ఉండదు. సెలవైతే ఉత్తరీయం తొలగించి, ఆ నడుమును సభకు చూపిస్తాను."

"వద్దు, వద్దు!" రాజు ఉత్తరీయాన్ని రెండు చేతులా బిగించుకున్నాడు. మరుక్షణం ఆయనకే నవ్వు తన్నుకొచ్చింది. కిరీటం కింది ముడి ఊడేలా నవ్వాడు. "ఒప్పుకున్నాం! మాకు తెలియదు! ఇక పనికొస్తుందో లేదో మేమే చెబుతాం" అని గద్దె దిగి బల్ల మీద కూర్చున్నాడు.

దిగాడు. లేచాడు. మళ్లీ దిగాడు. ఆపకుండా ఊగుతూనే, "పట్టా రాయండి!" అని కేకేశాడు. రాగిరేకును చింతపండుతో తోమేసరికి ఇద్దరు పరిచారకులు అలిసిపోయారు. బసవోజు పట్టా అందుకుని, దాగలిని పసిబిడ్డలా కౌగిలించుకుని ఏడ్చాడు.

"నీకేం కావాలి పోలన్నా?"

"ఇక తమ నడుము నొప్పి పెట్టదు ప్రభూ. నా కొలువు పోయినట్టే."

"అయితే కొత్తపని సభకు ఇకనుంచి నువ్వే పెద్దవు" అన్నాడు భూపతి, తన ముత్యాల హారం తీసి అతని మెడలో వేస్తూ.

పోలన్న ఒకే ఒక్క నియమం పెట్టాడు. బట్ట తీయకముందే, తెలిసినవాళ్లంతా లోపలేముందో తాటాకు మీద రాసివ్వాలి. మరుసటి ఏడు ఒక కుమ్మరి ఏదో తెచ్చి నిలబడ్డాడు. తాటాకులు పంచారు. అన్నీ ఖాళీగానే తిరిగొచ్చాయి. శాస్త్రిగారి తాటాకు అన్నిటికంటే శుభ్రంగా ఉంది.

బట్ట తీశారు. భూపతి చూశాడు. "ఓస్..." అని నోరు తెరిచాడు. చెయ్యి నడుము మీదికి వెళ్లింది. నోరు మూసుకుని, తీగచుట్టల గద్దె మీద ఒకసారి మెత్తగా ఊగి, ముందుకు వంగాడు.

"ఇది ఎలా చేశావయ్యా?" అని అడిగాడు.