బందరు బండి తిరపతమ్మ

అనగనగా బొగ్గింజన్ల కాలంలో, కృష్ణ ఒడ్డున బెజవాడ స్టేషన్లో తిరపతమ్మ అని ఒక నీళ్లావిడ ఉండేది. మా తాతమ్మ ఆవిడ చేతి నీళ్లు తాగింది. తాతమ్మ చెబితే నాయనమ్మ వింది, నాయనమ్మ చెబితే నేను విన్నాను, నేను చెబుతుంటే మీరు వింటున్నారు.

అప్పట్లో బెజవాడకి అన్ని దిక్కుల నుంచీ బండ్లు వచ్చేవి. మద్రాసు బండి వచ్చేది, వాల్తేరు బండి వచ్చేది, కాజీపేట బండి వచ్చేది. ఒక బండి దిగినవాళ్లు ఇంకో బండి అందుకోవాలి. మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని, వంతెనెక్కి అవతలి ప్లాట్‌ఫారానికి పరుగులు తీసేవాళ్లు. పొగ, బొగ్గు నుసి, వేడి ఇడ్లీల వాసన, కూలీల కేకలు. అదంతా చెప్పేటప్పుడు నాయనమ్మ కళ్లు మూసుకునేది.

బందరు బండి ఆగేచోట, వంతెన మెట్ల పక్కన తిరపతమ్మ కూర్చునేది. వట్టివేళ్లు వేసిన మట్టికుండ, ఒక ఇత్తడి చెంబు, అదే ఆవిడ సంసారం. చదువు రాదు. కూత విని ఏ బండి వస్తోందో చెప్పేది. వచ్చినవాళ్లందరితోనూ, "నీళ్లు తాగి ఎక్కండి నాయనా, బండి ఎక్కడికీ పోదు" అనేది. బండి పోయేదనుకోండి. అయినా అలాగే అనేది.

ఒక వేసవి మధ్యాహ్నం కాజీపేట బండి బాగా ఆలస్యంగా వచ్చింది. అందులోంచి భద్రయ్య అనే ముసలాయన దిగాడు. ఖమ్మం అవతల పల్లె ఆయనది. ఒక కాలు ఈడుస్తూ నడుస్తాడు. పొలం గట్టు తగాదాలో తమ్ముడు అలిగి బందరు వెళ్లిపోయాడు. పన్నెండేళ్లు ఇద్దరికీ మాటల్లేవు. ఆ తమ్ముడు మంచాన పడి, "అన్నని ఒక్కసారి చూడాలి" అని కబురు పెట్టాడు.

బందరు బండి కదలబోతోంది. అది పోతే మళ్లీ రేపే.

"ఆపండయ్యా, మా తమ్ముడు పోతున్నాడు" అని అవతలి ప్లాట్‌ఫారం నుంచి భద్రయ్య కేకేశాడు.

ఇంజను రొదలో ఆ మాట ఎవరికీ వినపడలేదు. కూతలు వినే చెవి గనక తిరపతమ్మకి వినపడింది.

గార్డు శరభయ్య పచ్చజెండా విప్పి, ఈల నోటి దగ్గరికి తెస్తున్నాడు. తిరపతమ్మ చెంబు నింపుకుని వెళ్లి ఆయన ముందు నిలబడింది.

"అయ్యా, ఎండ మండిపోతోంది. నాలుగు గుక్కలు తాగి ఊదండి."

దాహం మీదున్నాడు. చెంబెత్తి గటగటా తాగాడు. భద్రయ్య వంతెన మెట్లెక్కుతున్నాడు.

"ఇంకో చెంబు తాగండయ్యా. దారిలో ఇంత చల్లటి నీళ్లు దొరకవు."

రెండో చెంబూ తాగాడు. భద్రయ్య వంతెన మీద కాలీడుస్తున్నాడు.

"ఇంకొక్కటి, అయ్యా."

మూడో చెంబు అందుకుంటూ శరభయ్య ఆవిడ చూపెటుందో చూశాడు. వంతెన మీద ముసలాయన కనిపించాడు. గార్డు మూడో చెంబు పిచ్చుక తాగినట్టు తాగాడు. తాగి, చెంబు మళ్లీ చాచాడు.

"ఇంకా ఉన్నాయా, తల్లీ?"

కుండలో చుక్క లేదు. ఆవిడ ఖాళీ చెంబే ఇచ్చింది. ఆయన ఖాళీ చెంబే పైకెత్తి తాగాడు. ఈలోగా ఇద్దరు కూలీలు భద్రయ్యని రెక్కలు పట్టుకుని తెచ్చి పెట్టెలో కూర్చోబెట్టారు. అప్పుడు ఈల మోగింది.

మర్నాడు తిరిగొచ్చి శరభయ్య అడిగాడు. "ఆ ముసలాయన నీకేమవుతాడమ్మా?"

"ఏమీ కాడయ్యా. మా అమ్మ పోయిననాడు నేను ఈ వంతెన మీదే ఉన్నాను. బండి నా కళ్లముందే వెళ్లిపోయింది."

నాలుగు నిమిషాలు ఎందుకు ఆలస్యమైందని పై అధికారి సంజాయిషీ అడిగాడు. "దాహమైంది" అని రాసిచ్చాడు శరభయ్య.

భద్రయ్య తమ్ముణ్ణి ప్రాణంతో చూశాడు. అన్నదమ్ములు రెండు రోజులు మాట్లాడుకున్నారు. మూడో రోజు తమ్ముడు అన్న ఒళ్లో తలపెట్టి కన్నుమూశాడు. తిరుగు ప్రయాణంలో భద్రయ్య తిరపతమ్మ కుండ పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. ఆవిడ ఊరుకోమనలేదు. నీళ్లిచ్చి పక్కనే కూర్చుంది.

ఆ తర్వాత చాలా ఏళ్లకి, ఒక ఎండాకాలం, తిరపతమ్మ మెట్లకి ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. నా అన్నవాళ్లు లేరు. కూలీలు పాడె మోశారు. శరభయ్య ముందు నడిచాడు.

బొగ్గింజన్లు పోయాయి. ఆ వంతెనా పోయింది. ఇప్పుడు మెట్లే కదిలి మనిషిని పైకి తీసుకెళ్తున్నాయి. కానీ మా వైపు ఎవరైనా బండి కోసం ఆయాసపడుతూ పరిగెడుతుంటే, "మెల్లిగా రావయ్యా, గార్డు ఇంకా నీళ్లు తాగుతున్నాడు" అంటారు. వేసవిలో బందరు బండెక్కేటప్పుడు మా ఇంటి ఆడవాళ్లు ఒక సీసా నీళ్లు ఎక్కువ తీసుకెళ్తారు. చివరి పెట్టె దాకా నడిచి, గార్డు చేతికిచ్చి, వచ్చి కూర్చుంటారు. ఎందుకని గార్డులు అడగరు. తాగుతారు.